కువి, ఒరియా, తెలుగు: మా షెడ్డులో చదువు ఏ భాషలో మొదలవ్వాలి?

విశాఖ మధురవాడలో లేస్తున్న ఒక అపార్ట్‌మెంట్ పక్కన, రేకుల షెడ్డులో, సాయంత్రాలు పదకొండు మంది ఆడవాళ్లకు చదువు చెబుతున్నాం. అందరూ అరకు వైపు నుంచి కూలికి వచ్చినవాళ్లే. వీళ్లలో కోదు తెగవాళ్లు ఇంట్లో కువి మాట్లాడతారు, వాల్మీకి తెగవాళ్లు ఆదివాసీ ఒరియా. సంతలో కలిస్తే ఇద్దరికీ ఒరియాయే.

మేం మాత్రం తెలుగుతో మొదలుపెట్టి మూడు వారాలు పోగొట్టుకున్నాం. ఆ ఆలోచన నాదే. 'ఐ' దగ్గర ఐరావతం బొమ్మ చూసి ఒకామె "అదేటి మేడమ్?" అంది. ఏనుగన్నాను. "మరి ఏనుగనే రాయొచ్చు గదా!" జవాబు చెప్పలేకపోయాను. ఇంకా నయం, ఔషధం దాకా వెళ్లలేదు.

మర్నాడు బోర్డు మీద 'పాణి' అని రాశాను. ఒరియాలో నీళ్లు, లిపి తెలుగే. ఆమె వేలితో గాల్లో గీస్తూ రెండుసార్లు కూడబలుక్కుంది. మూడోసారికి మూలనున్న నీళ్ల డ్రమ్ము వైపు చూసి నవ్వేసింది. తెల్లారేసరికి ఆ డ్రమ్ము మీద సుద్దముక్కతో ఎవరో 'పాణ' అని రాసి ఉంది. గుడి మర్చిపోయారు, అంతే.

కువి ఇంకా దగ్గర కాదా అంటే, కోదులకు దగ్గరే. కొండ మీద ఒక్క కోదుల ఊళ్లో అయితే నేనూ కువికే ఓటేస్తాను. ఇక్కడ అలా చేస్తే సగం మంది గోడ చూస్తూ కూర్చుంటారు. కువిలోనూ, ఆదివాసీ ఒరియాలోనూ తెలుగు లిపితో గిరిజన పిల్లలకు ఉమ్మడి రాష్ట్రంలోనే వాచకాలు వచ్చాయి కాబట్టి ఇదేమీ కొత్త సంగతి కాదు.

ఒరియాతో ఉన్న చిక్కల్లా, వాచకం అయిపోయాక చదవడానికి ఏమీ దొరకదు. రేషన్ కార్డు, సంఘం పుస్తకం, బస్సు బోర్డు, అన్నీ తెలుగే. అయినా 'పాణి'లో పట్టుకున్న 'పా'తోనే బస్సు కాంప్లెక్సులో 'పాడేరు' బోర్డు సగం చదివేయొచ్చు. పైగా నగరంలో ఉండి మాట్లాడే తెలుగు వాళ్లకు వచ్చేసింది. అందుకే రెండు నెలలు ఒరియా, తర్వాత తెలుగు అనుకున్నాం. ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి దాకా చదివిన చిన్నమ్మాయికి మాత్రం మొదటినుంచీ తెలుగే.

అక్షరాల కన్నా ఏం చదువుతున్నారన్నదే వాళ్లను కూర్చోబెడుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరుగుబాటు రాజుకుంది అక్షరాస్యత తరగతుల నుంచే. అక్కడి పాఠంలో ఉన్నది వాళ్ల బతుకే. మావాళ్లు అడిగింది మేస్త్రీ హాజరు పుస్తకం. దాన్నే పాఠంగా పెట్టాం. పోయిన శనివారం, తన పేరుకెదురుగా రెండు రోజులు తక్కువ పడ్డాయని ఐరావతం ఆమే పట్టుకుంది.