ఎక్స్ ఫైల్స్: హీరోల వెనకున్నవాళ్ల కోసమే మళ్లీ మళ్లీ చూస్తున్నా

ఎక్స్ ఫైల్స్‌ను మొదటిసారి మల్డర్, స్కల్లీల కోసం చూస్తాం. రెండోసారి మొదలుపెట్టాక చూపు వాళ్ల వెనకున్నవాళ్ల మీదికి పోతుంది. నాకైతే అలాగే అయింది. తిరుపతిలో స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో నైట్ డ్యూటీ నాది. రాత్రి బండ్లకు దిగినవాళ్లు రూములు తీసుకుని పడుకున్నాక, తెల్లవారుజామున కొండకు బయల్దేరేవాళ్లు లేచేదాకా రిసెప్షన్‌లో పెద్దగా పనుండదు. ఈ సీరియల్ మొత్తం ఆ టైమ్‌లోనే చూశాను. కొన్ని సీజన్లు ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అమెరికాలో ఫాక్స్ ఛానెల్‌లో 1993లో మొదలై 2002 దాకా తొమ్మిది సీజన్లు వచ్చింది. మళ్లీ 2016లో ఒకటి, 2018లో ఒకటి. అన్నీ కలిపి 218 ఎపిసోడ్లు. ఎవరికీ అంతుపట్టని కేసులన్నీ ఎఫ్‌బీఐ ఆఫీసు బేస్‌మెంట్‌లో ఒక గదికి చేరతాయి. అక్కడ అన్నీ నమ్మే మల్డర్, రుజువు చూపించమనే డాక్టర్ స్కల్లీ. వాళ్ల గురించి ఇప్పటికే అందరూ రాసేశారు కాబట్టి వదిలేస్తున్నా.

నా ఓటు వాల్టర్ స్కిన్నర్‌కు. వీళ్లిద్దరి పై ఆఫీసర్. మిచ్ పిలెగ్గి వేశాడు. మొదటి సీజన్ చివర్లో ‘టూమ్స్’ ఎపిసోడ్‌లో వస్తాడు, ఆఖరి దాకా ఉంటాడు. ఒకరోజు మా రూమ్ బాయ్ నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఈయన మన మేనేజర్ మాదిరే ఉండాడు కదన్నా" అన్నాడు. వాడు బట్టతల చూసి అన్నాడు గానీ ఉద్యోగానికి కూడా ఆ మాట సరిపోతుంది. పైవాళ్లు చెప్పింది కాదనలేడు, కిందివాళ్లను వదిలెయ్యలేడు. సంతకం మాత్రం తనే పెట్టాలి. మొదట్లో ఆయన మంచోడా చెడ్డోడా అన్నది మనకు తెలియనివ్వరు. మల్డర్‌ను తిడతాడు, ఫైలు మూసేస్తాడు, అవతలివాళ్లకు అమ్ముడుపోయాడనే అనిపిస్తుంది. రెండో సీజన్‌లో ‘వన్ బ్రెత్’ అనే ఎపిసోడ్‌లో మల్డర్ రాజీనామా ఇస్తే దాన్ని ఒప్పుకోడు. వియత్నాం యుద్ధంలో తను చచ్చి బతికిన సంగతి చెబుతాడు. తన శవాన్ని తనే పైనుంచి చూసుకున్నానని, దాని గురించి ఆలోచించడానికి ఇప్పటికీ భయమని అంటాడు. గొంతు పెంచడు, ఏడవడు, టై కూడా వదులు చెయ్యడు. అంత మాట విన్నాక ఆయన కుర్చీలో కూర్చునే తీరు కూడా నాకు వేరేగా కనబడింది.

అన్నిటికంటే ఎక్కువసార్లు చూసింది మూడో సీజన్‌లో ‘పేపర్ క్లిప్’. ప్రభుత్వం దాచిన రహస్యాలన్నీ ఒక టేపులో ఉంటాయి. దాన్ని స్కిన్నర్ దగ్గర నుంచి ఆస్పత్రి మెట్ల మీద కొట్టి లాక్కుంటారు. చేతిలో ఏమీ లేకుండానే ఆయన, తెర వెనక కుట్రలు నడిపే సిగరెట్ పెద్దమనిషి ముందు నిలబడి బేరం పెడతాడు. ఆల్బర్ట్ హోస్టీన్ అనే నవాహో (అమెరికాలో ఒక ఆదివాసీ తెగ) పెద్దాయన ఆ టేపులో ఉన్నదంతా కంఠస్థం చేశాడని, తమ ఆచారం ప్రకారం ఇంకో ఇరవై మందికి చెప్పాడని, కాబట్టి ఆ ఇద్దరి జోలికి రావొద్దని చెబుతాడు. ధర్మగిరి వేదపాఠశాల పిల్లలు కాగితం అక్కర్లేకుండా గడగడా చెప్పడం విన్న ఊరివాడిని కదా, నాకు ఇది సినిమా ట్రిక్కులా అనిపించలేదు. నోట్లో ఉన్నదాన్ని ఎవడు లాక్కుంటాడు? హోస్టీన్ కనిపించేది కొన్ని ఎపిసోడ్లలోనే, కానీ ఆ రహస్యాన్ని కాపాడింది ఆయనే.

ఇక సిగరెట్ పెద్దమనిషి, విలియం బి. డేవిస్. మొదటి ఎపిసోడ్‌లో గది మూల నిలబడి పొగ వదలడం తప్ప ఒక్క మాట మాట్లాడడు. ‘టూమ్స్’లో స్కిన్నర్ రిపోర్టు ముందు పెట్టి ఇది నమ్ముతారా అని అడిగితే, నమ్మకేం అన్నట్టు ముక్తసరిగా ఒక మాట అంటాడు, అంతే. నాకు ఒళ్లు జలదరించింది. నటుడు అప్పటికి చాలా ఏళ్ల కిందటే సిగరెట్ మానేశాడట, షూటింగ్‌లో కాల్చినవి ఎక్కువగా మూలికలవి. మన సినిమాల్లో లాగా కింద హెచ్చరిక వేయాల్సి వస్తే ఈయన ఉన్నంతసేపూ అది తీయడానికి ఉండదు. అలిపిరి చెకింగ్ కూడా దాటలేడు. పోనుపోను ఆయన్నే పాడుచేశారు. పేరు చెప్పారు, పెళ్లాన్ని చూపించారు, ఎవరెవరికి తండ్రో బయటపెట్టారు. 2018 సీజన్‌కు వచ్చేసరికి స్కల్లీ కొడుక్కి కూడా తండ్రి తనేనంటాడు. మూల నిలబడ్డవాడికి ఉన్న భయం ఈ చుట్టరికాలతో పోయింది.

మల్డర్‌కు రహస్యాలు చేరవేసే మిస్టర్ ఎక్స్ విషయంలో ఆ తప్పు చెయ్యలేదు. కిటికీకి టేపుతో ఎక్స్ గుర్తు అంటించి లైటు వేస్తే వస్తాడు, చెప్పాల్సింది సగమే చెప్పి పోతాడు. అసలు పేరేంటో మనకు చెప్పరు. నాలుగో సీజన్ మొదట్లో బుల్లెట్లు తిని, పాకుతూ పోయి, నెత్తుటితో నాలుగు అక్షరాలు రాసి పోతాడు. స్టీవెన్ విలియమ్స్ మొహంలో విసుగే నాకు ఇష్టం. సాయం చేస్తున్నా తిట్టినట్టే ఉంటుంది.

నవ్వుకోవడానికి, ప్రభుత్వ కుట్రల మీద పత్రిక నడిపే లోన్ గన్‌మెన్ ముగ్గురు: బయర్స్, ఫ్రోహికీ, లాంగ్లీ. మొదటిసారి వచ్చినప్పుడే బయర్స్, స్కల్లీ దగ్గర ఇరవై డాలర్ల నోటు తీసుకుని చింపి, లోపలున్న సన్న దారం చూపించి, మీ దగ్గరెంత డబ్బుందో దీంతో కనిపెడతారంటాడు. 2016 నవంబర్‌లో 2000 నోటులో చిప్ ఉందని వాట్సాప్‌లో తిరిగింది గుర్తుందా? అప్పుడు నాకు బయర్సే కనబడ్డాడు. ఫ్రోహికీ వేసిన టామ్ బ్రెయిడ్‌వుడ్ ఈ సీరియల్‌కే అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేశాడు. వీళ్లతో 2001లో విడిగా తీసిన సీరియల్ 13 ఎపిసోడ్లకే ఆగిపోయింది. ముగ్గురూ కూరలో తాలింపు, ఉత్త తాలింపుతో భోజనం కాదు. అయినా 2002లో ఒక వైరస్ బయటికి పోకుండా తమను తాము తలుపుల మధ్య బంధించుకుని చనిపోతే నాకు బాగా బాధేసింది.

నాకు కోపం తెప్పించింది ఆడవాళ్ల పాత్రలు. స్కల్లీ అక్క మెలిస్సా, చెల్లెలనుకుని పేల్చిన తుపాకీకి బలవుతుంది. స్కల్లీ తల్లి పాత్రలో షీలా లార్కిన్ చక్కగా చేసింది, కానీ ఆమెకు సొంత కథంటూ పెట్టలేదు. ఎనిమిది, తొమ్మిది సీజన్లలో మెప్పించిన ఎఫ్‌బీఐ ఏజెంట్ మోనికా రేయెస్‌ను 2016లో సిగరెట్ పెద్దమనిషి మనిషిగా మార్చేశారు. ఎందుకో నమ్మేలా చెప్పలేదు. స్కిన్నర్‌ను కూడా ఆఖరి ఎపిసోడ్‌లో కారు కింద పడేసి, బతికాడో లేదో చూపకుండా వదిలేశారు. ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి ఇచ్చే మర్యాద అదా? అసలు టైటిల్స్‌లో ముఖ్య నటుల పక్కన పిలెగ్గి పేరు వేసిందే తొమ్మిదో సీజన్‌లో.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు: నేను చూసింది ఇంగ్లిష్‌లోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అందరూ గుసగుసగా మాట్లాడతారు. మొదటి అయిదు సీజన్లు వరుసగా చూడండి. వానపడే వాంకూవర్‌లో తీశారు, ఆ చీకటి తర్వాత లాస్ ఏంజెలెస్‌కు మారాక రాలేదు. టైమ్ లేకపోతే మూడో సీజన్‌లో స్కిన్నర్ విడాకుల కథ ‘అవతార్’ ఒక్కటైనా చూడండి. ఆరు, ఏడు సీజన్లు తీరిగ్గా, మీ ఇష్టం. ఎనిమిదో సీజన్ చివరి ఎపిసోడ్ మాత్రం వదలొద్దు. ఎప్పుడు ఎవరి వైపుంటాడో తెలియని క్రైచెక్‌కూ స్కిన్నర్‌కూ ఆస్పత్రి మెట్ల మీది నుంచి ఉన్న పాత బాకీ, అందులో ఎఫ్‌బీఐ కార్ల పార్కింగ్‌లో తీరుతుంది.