పదేళ్లు, మూడు ట్రాన్స్‌ఫార్మర్లు: నా యాంప్లిఫయర్‌లో హమ్ తగ్గిన తీరు

2014లో ఎల్‌ఎం3886 చిప్పులతో నేను కట్టుకున్న స్టీరియో యాంప్లిఫయర్ పదేళ్లు దాటినా ఇంట్లో రోజూ పనిచేస్తోంది. ఇన్నేళ్లలో యాంప్లిఫయర్ బోర్డును ముట్టుకోలేదు గాని, ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో మాత్రం చాలా నేర్చుకోవలసి వచ్చింది. రికార్డు ప్లేయర్ మీద కర్ణాటక సంగీతం వినేవారికి ఈ బాధ తెలుస్తుంది: ఆలాపన మధ్యలో గాయకుడు ఆగి తంబుర ఒక్కటే మోగుతున్నప్పుడు, ఆ శ్రుతికి పొసగని హమ్ (కరెంటు వల్ల స్పీకర్‌లో వచ్చే మంద్రమైన మోత) అడుగున వినిపిస్తే ఇక పాట మీద మనసు నిలవదు.

మొదట వాడినది కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న 20-0-20 వోల్టుల, 5 ఆంపియర్ల ఇ-ఐ కోర్ (ఇ, ఐ ఆకారపు ఇనుప రేకులను పేర్చి చేసిన కోర్) ట్రాన్స్‌ఫార్మర్. దాని ప్రైమరీని, అంటే మెయిన్స్ కరెంటు అందుకునే తీగచుట్టను, 220 వోల్టులకు చుట్టారు. మా ఇంట్లో రాత్రి పది దాటితే 245 వోల్టులు వస్తాయి. అంత వోల్టేజీకి కోర్ సంతృప్త స్థితికి (ఇక అయస్కాంతత్వాన్ని ఇముడ్చుకోలేని స్థితికి) చేరువై, చుట్టూ వెదజల్లే అయస్కాంత క్షేత్రం బాగా పెరుగుతుంది. దానికి జానెడు దూరంలోనే ఫోనో ప్రీయాంప్ (రికార్డు ప్లేయర్ సంకేతాన్ని ముందుగా పెంచే) బోర్డును బిగించడం నా తప్పు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూది కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఇచ్చేది దాదాపు 5 మిల్లీవోల్టులే. ఫోనో ప్రీయాంప్ దాన్ని 1,000 హెర్ట్జ్ దగ్గర సుమారు 100 రెట్లు పెంచితే, రికార్డుల కోసం చేసే ఆర్‌ఐఏఏ సవరణ వల్ల 50 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు 700 రెట్లకు చేరుతుంది. ఇంట్లో కరెంటు నడిచేది సరిగ్గా ఆ 50 హెర్ట్జ్‌లోనే కనుక, లోపలికి చొరబడిన కొద్దిపాటి హమ్ కూడా స్పీకర్‌లో పెద్దదవుతుంది.

ఫిల్టర్ కెపాసిటర్లను రెట్టింపు చేశాను, పల్చని అల్యూమినియం రేకు అడ్డుపెట్టాను, రెండూ పనిచేయలేదు. చివరకు ట్రాన్స్‌ఫార్మర్‌ను పొడవైన తీగలతో డబ్బా బయటికి తీసి మెల్లగా తిప్పి చూస్తే, దిశను బట్టి హమ్ పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. కారణం అయస్కాంత క్షేత్రమేనని అప్పుడు తేలింది. ఏ ఖర్చుకైనా ముందు ఈ పరీక్ష చేయమని గట్టిగా చెబుతాను. అయితే మెయిన్స్ తీగలను పూర్తిగా ఇన్సులేట్ చేసి, ఎర్త్ కలిపి ఉంచాకే చేయాలి.

2017లో 300 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) టొరాయిడ్‌కు, అంటే ఉంగరం ఆకారపు కోర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు, మారాను. స్పీకర్‌లోని హమ్ చాలావరకు పోయింది గాని, కొన్ని సాయంత్రాలు ట్రాన్స్‌ఫార్మరే గుర్రుమనేది. టొరాయిడ్ కోర్‌లో గాలి ఖాళీ ఉండదు, ప్రైమరీ నిరోధమూ తక్కువ. అందుచేత మెయిన్స్‌లో కొద్దిపాటి డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) కలిసినా కోర్ ఒకవైపు సంతృప్తమై మోగుతుంది. మా ఇంటి హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిమీద పెట్టినప్పుడల్లా ఈ మోత వస్తోందని గమనించాను. ఆ అమరికలో ఒకే డయోడ్ ద్వారా సగం తరంగాన్నే వాడుకునే రకం అది. రెండు పెద్ద కెపాసిటర్లు, ఒక బ్రిడ్జి రెక్టిఫయర్‌తో డీసీ బ్లాకర్ పెట్టించాక ఆ గుర్రు ఆగిపోయింది. అది మెయిన్స్ పని కాబట్టి అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ చేత చేయించాను.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అంటే నిశ్శబ్దం అన్న నమ్మకం చాలామందిలో ఉంది, నేను దానితో ఏకీభవించను. అవసరానికి మించి పెద్దదైతే కెపాసిటర్లలోకి వెళ్లే కరెంటు మరింత పదునైన కుదుపులుగా ప్రవహించి, గ్రౌండ్ తీగలు సరిగా లేని చోట 100 హెర్ట్జ్ బజ్‌ను (హమ్ కన్నా గరగరలాడే మోతను) పెంచుతుంది.

2019లో ఫోనో ప్రీయాంప్‌ను వేరే డబ్బాలోకి మార్చి, దానికి స్టాటిక్ స్క్రీన్ ఉన్న 30 వీఏ ఆర్-కోర్ ట్రాన్స్‌ఫార్మర్ (కోర్ అడ్డకోత గుండ్రంగా ఉండే రకం) పెట్టాను. ప్రైమరీ, సెకండరీల (కరెంటును బయటికి ఇచ్చే తీగచుట్టల) మధ్య ఎర్త్‌కు కలిపే ఆ రాగి రేకు, ఎల్‌ఈడీ బల్బుల నుంచి మెయిన్స్‌లోకి వచ్చే చిరచిరలను అడ్డుకుంటుంది గాని అయస్కాంత హమ్‌ను ఆపదు. ఆ హమ్ తగ్గడానికి, నా అంచనాలో, ఆర్-కోర్ కన్నా రెండు డబ్బాల మధ్య ఉన్న మీటరు దూరమే ఎక్కువ తోడ్పడింది. దూరం రెట్టింపైతే క్షేత్రం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఇప్పుడు కొత్తగా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించేవారికి నా సలహా ఒక్కటే: ప్రైమరీ 250 వోల్టులకు, కోర్ ఫ్లక్స్ (కోర్‌లోని అయస్కాంత సాంద్రత) మామూలుకంటే తక్కువగా, వార్నిష్ తీగచుట్టల్లోకి పూర్తిగా ఇంకేలా చేయమని అడగండి. బరువూ ధరా పెరుగుతాయి, అయినా అది తగిన ఖర్చే. నా దగ్గర తీరని ఇబ్బంది ఇంకొకటి మిగిలింది. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అందుకున్నప్పుడు బజ్ మళ్లీ వస్తుంది, అప్పుడు రికార్డు ఆపి కరెంటు వచ్చేదాకా ఆగుతాను.