తారస్థాయిలో వినిపించిన ఈల: గ్రాండ్ పియానోతో పదేళ్ల అనుభవం

గుంటూరు అరండల్‌పేటలో పిల్లలకు పియానో నేర్పుతాను. పాత గ్రాండ్ అమ్మేసి, 2014లో అదే ఆరడుగుల కొలతలో కొత్తది కొన్నాను. కంపెనీ పేరు రాయను, నేను చెప్పేది డిజైన్ సంగతి.

పాతదాంట్లో తారస్థాయి తీగలు బ్రిడ్జి (తీగల మోతను కింది చెక్క పలకకు చేర్చే కమ్మీ) దాటాక మిగిలిన చిన్న ముక్కల మధ్య ఎర్ర ఫెల్టు (ఒత్తిన ఉన్ని గుడ్డ) పట్టీ అల్లి ఉండేది, అవి మోగకుండా. కొత్తదాంట్లో వాటిని కావాలనే వదిలేశారు, కింద చిన్న లోహపు ఆనిక పెట్టి. దీన్ని డ్యూప్లెక్స్ స్కేల్ అంటారు, 1872లో స్టైన్‌వే పేటెంట్ తీసుకున్న పద్ధతి. ఇదెందుకంటే, చిట్టచివరి కీ తీగ మోగే భాగం ఐదు సెంటీమీటర్లే ఉంటుంది. అంత పొట్టి తీగ మోత పుడుతూనే ఆరిపోతుంది. అందుకే ఆ పై కీలకు డాంపర్లు (కీ వదలగానే తీగ మోతను ఆపే మెత్తలు) కూడా పెట్టరు. వెనక ముక్క గొంతు కలిపితే ఆ స్వరానికి కాస్త మెరుపు వస్తుంది. వచ్చింది కూడా. మొదటి నెల రోజులూ పిల్లలు వెళ్లిపోయాక పై రెండు ఆక్టేవులే (స్థాయిలే) వాయించుకునేదాన్ని.

కొన్నేళ్ల తర్వాత ఈల మొదలైంది. పైనుంచి రెండో ఆక్టేవులో ఎఫ్ షార్ప్ కొడితే స్వరం వెనక సన్నగా, చెవిలో గుచ్చినట్టు. ట్యూనర్ గారు గదిదే తప్పన్నారు. సగం నిజమే, టైల్స్ నేల. తివాచీ పరిస్తే కొంత తగ్గింది. ఆగలేక వెనక తీగలన్నిటికీ నేనే ఫెల్టు అల్లేశాను. ఈల పోయింది, దాంతోపాటు స్వరంలో జీవమూ పోయింది. చెక్క మీద కొట్టినట్టుండేది. వారం తిరక్కుండా తీసేశాను.

అసలు కారణం మరో ట్యూనర్ గారు పట్టుకున్నారు. ఏళ్ల తరబడి కొట్టీ కొట్టీ కీ నొక్కితే తీగను కొట్టే సుత్తుల ఫెల్టు గట్టిపడిపోయింది. గట్టి సుత్తి పై అనుస్వరాలను (అసలు స్వరంతోపాటు సన్నగా పలికే పై స్వరాలను) ఎక్కువగా లేపుతుంది, వెనక ముక్కలు వాటినే అందుకుంటాయి. ఆయన సూదులతో ఒక్కో సుత్తినీ గుచ్చి మెత్తబరిచారు. నన్ను కీ కొడుతూ ఉండమని, వెనక ముక్కల మీద ఒక్కోదాన్నీ వేలికొసతో తాకుతూ వెళ్లారు. మూడో తీగ దగ్గర ఈల టక్కున ఆగింది. అక్కడ మాత్రమే చిన్న ఫెల్టు ముక్క దూర్చారు.

నా మటుకు డ్యూప్లెక్స్ ఉన్నదే కొనమంటాను. షోరూంలో మాత్రం పై కీలు ఒక్కొక్కటీ మెల్లగా, తర్వాత గట్టిగా కొట్టి వినండి. ఆ ఎఫ్ షార్ప్ వెనక ఫెల్టు ముక్క ఇప్పటికీ అలాగే ఉంది.