పాలమూరుల ప్రైవేట్ థియేటర్ తీస్కొని సైఫై సినిమాలు చూసినం: రూమ్ ఎట్లున్నది, మా లొల్లి ఏడిదాంక వచ్చింది

మహబూబ్‌నగర్‌ల ఈ మధ్య ప్రైవేట్ థియేటర్లు బాగనే అయినయి, ఎక్కువ బర్త్‌డేలకు, పెండ్లిరోజులకు తీస్కుంటరు. మేం మాత్రం సినిమా కోసమే తీస్కున్నం. నేను, మా తమ్ముడు, మా బావ, జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ సార్, మా నలుగురికి ఎప్పటికెల్లో ఒకటే పంచాయితి, అన్నిటికన్న గొప్ప సైన్స్ ఫిక్షన్ సినిమా ఏది అని. ఫోన్ల చూసి మాట్లాడితే అది తెగేది కాదు, పెద్ద తెర మీద చూసినంకనే మాట్లాడుదం అని ఒక ఆదివారం 2001: ఎ స్పేస్ ఒడిస్సీకి, ఇంకో ఆదివారం ఇంటర్‌స్టెల్లార్‌కు బుక్ చేసినం. థియేటర్ పేరు రాస్తలేను, ఇసొంటివన్నీ దాదాపు ఒక్క తీరుగనే ఉంటయి, మీరు ఏది తీస్కున్నా ఈ ముచ్చట్లు పనికొస్తయి.

3 గంటల స్లాట్, నలుగురికి 1,200 రూపాయలు. బెలూన్లు, పొగ, కేక్ టేబుల్ ఏం వద్దంటె కొంచెం తగ్గిస్తరు, అడుగుండ్రి. సోఫాలు మంచిగున్నయి, కాళ్లు చాపుకోవచ్చు. గోడల పొంటి నీలం, ఎర్ర లైట్లు పెట్టిన్రు, అవి ఫస్టే ఆర్పిపియ్యండ్రి, లేకుంటె తెర మీద నలుపు నలుపు లెక్క కనిపియ్యది.

నలుపు ఎందుకంటున్ననంటె 2001 మొదలైతె కొన్ని నిమిషాలు తెర మొత్తం నల్లగనే ఉంటది, మ్యూజిక్ ఒక్కటే వస్తది, డైరెక్టర్ కుబ్రిక్ గట్లనే పెట్టిండు. రూమ్ చూస్కునే పిల్లగాడు ప్రొజెక్టర్ ఖరాబైందనుకొని ఉరికొచ్చి వైర్ పీకబోయిండు, లేదు తమ్ముడూ సినిమానే గట్ల అని ఆపినం. పాపం మంచి పిల్లగాడు, తర్వాత తలుపు కాడ నిలవడి తను గూడ కొంచెంసేపు చూసిండు. ప్రొజెక్టర్ సంగతికొస్తె ఎలుతురు సీన్లు మస్తున్నయి, ఆ కోతుల భాగం ఎడారంత ఎదురుంగ ఉన్నట్టే ఉండె, చీకటి సీన్లల్ల మాత్రం నలుపు బూడిద రంగు కొట్టింది.

అసలు కష్టం సౌండ్‌ది. అంతరిక్షంల గాలి లేదు కాబట్టి చప్పుడు ఉండది, ఈ సినిమా ఆ సంగతి ఎన్నడు మర్వది, మనిషి ఓడ బయిటికి పోతె హెల్మెట్ లోపట ఊపిరి ఒక్కటే ఇనిపిస్తది. హాల్ అనే కంప్యూటర్ ఒక ఆస్ట్రోనాట్‌ను చంపినంక ఆ మనిషి దూరంగ తిరుక్కుంట పోతుంటడు, ఏ చప్పుడుండది, గుండె ఆగినట్టయితది. గా టైంల పక్క రూమ్ల బర్త్‌డే డీజే మొత్తం మా రూమ్లకు వచ్చింది. మధ్యల గోడ పలుచగున్నది. ఓనర్‌కు చెప్తె సౌండ్ తగ్గిపిచ్చిండు గానీ ఆ సీన్ అయిపాయె గదా.

సినిమా అయినంక లెక్చరర్ సార్ చెప్పిన మాట నాకు బాగ పట్టింది. ఈ సినిమా 1968ల వచ్చింది, మనిషి చంద్రుని మీద అడుగు పెట్టింది 1969ల, అంటె అప్పటికి అక్కడ ఎట్లుంటదో పోయి చూసినోడు ఎవడు లేడు, అయినా ఓడల మనుషులు నడిచేతందుకు గ్రాఫిక్స్ లేని కాలంల నిజంగనే గుండ్రంగ తిరిగే 38 అడుగుల సెట్టు కట్టిన్రు, యాక్టర్ కింద నడుస్తుంటె సెట్టే తిరిగింది. గ్రావిటీ లేని కాడ చక్రం తిప్పితె బరువు పుడ్తది అన్న లెక్కను అట్లనే పట్టుకున్నరు. అర్థర్ సి. క్లార్క్ లాంటి రైటర్ పక్కనుండంగ గట్ల కాక ఎట్లయితది అన్నడు సార్. తమ్ముడు మాత్రం చానా స్లో అన్నా, 25 నిమిషాలదాంక ఒక్క మాట గూడ లేదు అని అలిగిండు, నిజమే, మాట లేదు.

ఇంటర్‌స్టెల్లార్ రోజు కథ వేరే అయింది. మా బావ దేవరకద్ర దిక్కు ఎవుసం చేస్తడు, ఇంగ్లీష్ అంత రాదు, తమ్ముడు పక్కన కూసొని తెలుగుల చెప్పుకుంట పోయిండు. మొదట్ల పంటలన్ని తెగులుతోని పోతున్నయి, బెండకాయ పండేది ఇదే ఆఖరుసారి, ఇంక మక్కలే దిక్కు అని వస్తది, బావ సోఫాల ముందుకు జరిగి కూసున్నడు. దుమ్ము పడ్తదని పళ్లాలు బోర్లేసి పెడ్తరు గదా, ఆడ మాట్లాడే ముసలోళ్లల్ల చానామంది యాక్టర్లు గాదు, 1930లల్ల అమెరికాల ఆ దుమ్ము కరువును నిజంగ చూసినోళ్లు, వాళ్ల మాటలు ఒక డాక్యుమెంటరీకెల్లి తీస్కున్నరు. కరువంటె పాలమూరోళ్లకు ఎవరో చెప్పాల్నా.

తర్వాత హీరో పిల్లలను ఇడిసి, మనుషులు బతికేతందుకు ఇంకో గ్రహం దేవులాడ పోతడు. బ్లాక్ హోల్ పక్కనున్న నీళ్ల గ్రహం మీద ఒక్క గంట ఉంటె భూమి మీద 7 ఏండ్లు. వాళ్లు ఓడకు తిరిగొచ్చేసరికి 23 ఏండ్లు గడిచి పోయినయి, హీరో కూసొని కొడుకు పంపిన వీడియోలు ఒకటెన్క ఒకటి చూస్తడు, పిల్లగాడు పెద్దగయ్యిండు, పెండ్లి గూడ అయింది. బావోళ్ల నాయిన మేస్త్రీ కింద బొంబాయికి పనికి పోతుండె, నెలలకు నెలలు ఇంటికి రాకపోతుండె. బావ ఏడ్సిండు, నాకు గూడ ఆగలే. ఇదేందో దూరపు నక్షత్రాల కథ అనుకొని వచ్చినోనికి తన ఇంటి కథే కనవడ్డది. హాన్స్ జిమ్మర్ మ్యూజిక్‌ల వచ్చే ఆర్గన్ వాయింపుకు సబ్‌వూఫర్ మంచిగ పలికింది, సోఫాలు గూడ అదిరినయి, పక్క రూమ్ గొడవ ఇనిపియ్యనే లేదు.

సినిమా 2 గంటల 49 నిమిషాలు, స్లాట్ 3 గంటలు, మాట్లాడుకుందమంటె టైం మిగలది. ఎన్కనే స్లాట్ ఖాళీ ఉంటె ఓనర్ అరగంట ఫ్రీగ ఇచ్చిండు, అందుకు థాంక్స్. సార్ ఏమన్నడంటె బ్లాక్ హోల్ వరకు నేను ఒప్పుకుంట, కిప్ థోర్న్ అనే ఫిజిక్స్ సైంటిస్ట్ ఈక్వేషన్లు రాసిచ్చిండు, ఆయనకు 2017ల నోబెల్ గూడ వచ్చింది, ఆఖర్ల హీరో పుస్తకాల అర ఎన్కకెల్లి బిడ్డకు కబురు పంపుడు మాత్రం సైన్స్ గాదు అన్నడు. బావ ఊకుంటడా, సార్, సినిమా మొత్తం ఆ బిడ్డ కోసమే నడిచింది, అదే తీసేస్తె ఏం మిగుల్తది అన్నడు. తమ్ముడు మధ్యల మ్యాట్రిక్స్ ఎత్తిండు, మనుషుల ఒంట్లకెల్లి కరెంట్ తీసుడు లెక్కకు రాదు, మనిషికి పెట్టే తిండే ఎక్కువ ఖర్చయితది అని సార్ అక్కడికే ఆపిండు. నేను ఆదిత్య 369 పేరు తీసిన. 1991ల సింగీతం శ్రీనివాసరావు గారు టైం మెషీన్‌ను కృష్ణదేవరాయల కొలువుకు తీస్కపోయి, ఆడికెల్లి 2504కు తీస్కపోయి, ఇంట్ల ముసలోళ్ల కాడికెల్లి చిన్న పిల్లలదాంక అందరికి సమజయ్యేటట్టు చెప్పిండు. ప్రపంచం లిస్టులల్ల దాన్ని పెట్టకపోవుడు నాకు ఎప్పటికీ అన్యాయమే అనిపిస్తది.

నా ఓటు మాత్రం 2001కే. సినిమా తను పెట్టుకున్న రూల్‌ను ఆఖరుదాంక తప్పొద్దు అనేది నా పట్టుదల, అర్థం కాని జాగల గూడ ఆ సినిమా మనకు లంచం ఇయ్యది, ఏడ్పిస్తలేదు, నవ్విస్తలేదు, నువ్వే ఆలోచించుకో అని వదిలేస్తది. బావ ఓటు మారలే, మార్చుకోమని నేను అడగలే గూడ.

పోవాలనుకునేటోళ్లు సొంత ల్యాప్‌టాప్ తీస్కపోండ్రి, వాళ్ల వైఫై మధ్య మధ్యల ఆగుతది. సబ్‌టైటిల్స్ పెద్దగ పెట్టిచ్చుకోండ్రి. బయిటి తిండి రానియ్యరు, పాప్‌కార్న్ పర్వాలేదు, చాయ్ బాలేదు, మెట్టుగడ్డ కాడికొచ్చి తాగుండ్రి. ఆదివారం సాయంత్రం బర్త్‌డేలు ఎక్కువ, చప్పుడు లేని సినిమా అయితె పొద్దుగాల స్లాట్ తీస్కోండ్రి. 5కు 3.5 ఇస్తున్న, ఓనర్ ఆ మధ్య గోడ సంగతి చూస్తె 4 ఇస్త.