చెక్క కుందేలు కిట్: చెక్క బాగుంది, ముడి దగ్గర జాగ్రత్త

ఈ ఏప్రిల్ 5న ఈస్టర్‌కి మా గుమ్మం పక్కన నిలబెట్టిన చెక్క కుందేలు నేనూ మా ఎనిమిదేళ్ళ పాపా కలిసి రంగులేసింది. మా దగ్గరి క్రాఫ్ట్ షాపులో 18 డాలర్లకి కిట్ కొన్నాను. కొనాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మేము ఉండేది పెన్సిల్వేనియాలో. ఈస్టర్ కుందేలు అమెరికాకి వచ్చిందే ఇక్కడి జర్మన్ కుటుంబాల ద్వారా. 1700లలో వలస వచ్చినవాళ్ళు ‘ఓస్టర్‌హాసె’ కథను వెంట తెచ్చుకున్నారు. మంచి పిల్లలకి ఆ కుందేలు రంగు గుడ్లు పెడుతుందని, పిల్లలు టోపీలతో గూళ్ళు కట్టి ఉంచేవాళ్ళు. ఈ కథ పాప స్కూల్లో విని వచ్చింది, అప్పటినుంచి కుందేలు కావాలని ఒకటే పట్టు. విజయవాడలో నా చిన్నప్పుడు ఈస్టర్ అంటే తెల్లవారకముందే లేచి తాతయ్య సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించడం. కుందేలు మాట మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. అందుకే ఈ పని నాకూ కొత్తే.

కిట్‌లో పైన్ చెక్కతో కోసిన 14 అంగుళాల కుందేలు, విడిగా రెండు చెవులు, అడుగున పీట, చెవులు బిగించే చెక్క చీలలు, జిగురు, ఆరు చిన్న రంగు డబ్బాలు, రెండు బ్రష్షులు, తోకకి దూది ఉండ ఉన్నాయి. కోత చాలా శుభ్రంగా ఉంది. చీలలు కన్నాల్లో సరిగ్గా కూర్చున్నాయి, ఊగలేదు. అంచులు మాత్రం గరుకుగా ఉన్నాయి. కిట్‌లో ఉప్పు కాగితం ఇవ్వలేదు, 220 నంబరుది విడిగా కొనుక్కోండి. చెక్క గీతలు ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడిన గీతలు రంగు వేశాక కూడా కనిపిస్తాయి.

అసలు కష్టం తర్వాత వచ్చింది. మా కుందేలు పొట్ట మీద రూపాయి బిళ్ళంత ముడి ఉంది, అంటే చెట్టుకి కొమ్మ మొలిచిన చోట చెక్కలో కనిపించే గుండ్రటి మచ్చ. కిట్‌తో వచ్చిన సూచనల కాగితంలో రాసినట్టే తెల్ల రంగు రెండు పూతలు వేశాం. మర్నాడు పొద్దునకి ముడి ఉన్నచోట పసుపు మరక తేలింది. ఇంకో పూత వేశాం, మళ్ళీ తేలింది. పాప ఏడుపు ముఖం పెట్టింది. పండగ ఇంకా నాలుగు రోజులే ఉందని నాకూ టెన్షన్.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. “ఏమ్మా, కింద పూత ఏమీ లేకుండానే రంగేశారా? కొండపల్లిలో ముందు సున్నం పూయందే రంగు ముట్టుకోరు కదే!” అంది. నిజమే. పొణికి చెక్కని చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ముక్కలు అతికి, సున్నం పూశాకే వాళ్ళు రంగులు వేస్తారు. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో, అయినా తోచలేదు.

పైన్ ముడిలో జిగట రసం ఉంటుంది. నీళ్ళ రంగు దాన్ని ఆపలేదు, అది మెల్లగా పైకి ఊరుతుంది. ఆపేది షెల్లాక్ ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే కింద పూత. షెల్లాక్ అంటే మన లక్కే, ఏటికొప్పాక బొమ్మలకి ఆ నునుపూ మెరుపూ ఇచ్చేదీ అదే. చిన్న డబ్బా తెచ్చి, పాత రంగు గీకేసి, ముడి మీద రెండు పూతలు వేశాను. స్పిరిట్ వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీలు తీసి పెద్దవాళ్ళే వేయాలి. గంటలో ఆరిపోయింది. దాని మీద వేసిన తెలుపు ఇప్పటికీ తెల్లగానే ఉంది.

మిగతా పని హాయిగా సాగింది. కిట్‌లోని గులాబీ రంగు మరీ ముదురు, సగం తెలుపు కలిపితే చెవుల లోపలికి సరిపోయింది. పాప బ్రష్ వెనక కొసని రంగులో ముంచి మెడ చుట్టూ చుక్కలు పెట్టింది, అచ్చం ముగ్గు చుక్కల్లా. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మీసాలకి మాత్రం కిట్‌లోని బ్రష్ లావైపోయింది, సన్నని నల్ల పెన్ను వాడాం.

నేను ఐదుకి నాలుగిస్తాను. చెక్కకీ కోతకీ పూర్తి మార్కులు. ప్రైమర్ ఇవ్వకపోయినా, ముడి ఉంటే ఏం చేయాలో ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. పిల్లలు చేసే వస్తువుకి ఆ మాత్రం శ్రద్ధ ఉండాలి, ఒక మార్కు తగ్గించింది అందుకే. షాపులో పెట్టె తెరిచి చూడనిస్తే ముడి లేనిది ఏరుకోండి. ఒక్క సాయంత్రంలో అయిపోతుందని పెట్టె మీద ఉంది కానీ ఆరడానికే రెండు రోజులు పెట్టుకోండి. బయట పెట్టేటట్టయితే వార్నిష్ తప్పనిసరి, పీట అడుగున కూడా వేయండి.

వచ్చే ఏడాది ఈస్టర్ మార్చి 28నే వస్తోంది. మా చెల్లి కొడుక్కి ఒకటి చేసిస్తానని పాప మాటిచ్చేసింది, ఫిబ్రవరిలోనే ఇంకో కిట్ కొంటాను.