పెళ్లి వీడియో ప్రాజెక్టుల ప్యాక్ కొనబోతున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

నిన్న బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. స్టూడియో పెట్టి ఇంకా ఆరు నెలలు కాలేదు. "అన్నా, 3,500 రూపాయలకు 120 పెళ్లి ప్రాజెక్టులట. పాత క్లిప్పు మీద మన క్లిప్పు వేస్తే చాలట, ఎఫెక్టులన్నీ అలాగే ఉంటాయట. తీసుకోమంటారా?" అని అడిగాడు. ప్రాజెక్టు అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు, ఎఫెక్టులు ముందే అమర్చి పెట్టిన ఫైలు. అతను పంపిన ప్రకటన తెరిచి చూశాను. రెండు నెలల క్రితం నేను మోసపోయింది సరిగ్గా దానితోనే. ఆ తమ్ముడిని ఆపగలిగాను. నెల్లూరు, ఒంగోలు వైపు ఇంకెందరు కొనబోతున్నారో తెలియదు కాబట్టి జరిగింది రాస్తున్నాను.

నాది కావలిలో చిన్న స్టూడియో. షూటింగూ నేనే, ఎడిటింగూ నేనే. ముహూర్తాలు వరుసగా ఉన్న రోజుల్లో నాలుగు పెళ్లిళ్ల పని మీద పడింది. ఒంగోలు వారి పెళ్లి వీడియో వారంలో ఇవ్వాలి, అమ్మాయి అత్తవారితో విదేశానికి వెళ్లిపోతోంది. అప్పుడే ఈ ప్రకటన కంటపడింది. అందులోని డెమో వీడియోలో ఒక చేయి మౌస్‌తో క్లిప్పును లాగి టైమ్‌లైన్‌లో, అంటే క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీలో, ఉన్న పాత క్లిప్పు మీద వదిలింది. పూలరేకులు, వెలుగు, జూమ్, రంగులు అన్నీ చెక్కుచెదరలేదు. ఫోన్‌లోనే డబ్బు పంపేశాను. గంటలో డౌన్‌లోడ్ లింకు వచ్చింది.

అందులో 120 ఫైళ్లున్న మాట నిజమే. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. సగానికి పైగా ప్రాజెక్టులలో టైమ్‌లైన్ మీద ఉన్నది ఒకే ఒక పొడవాటి వీడియో. ఎవరో వధూవరుల క్లిప్పులు, ఎఫెక్టులు అన్నీ కలిపి ముందే రెండర్ చేసేసి, అంటే విడదీయలేని ఒకే వీడియోగా మార్చేసి, ఆ వీడియోను ప్రాజెక్టులో పెట్టి "ప్రాజెక్టు" అని పేరు రాశారు. అలా కలిసిపోయిన దానిలో మార్చడానికి ఏమీ మిగలదు. మన క్లిప్పు వేస్తే వారి క్లిప్పుతో పాటు ఎఫెక్టు కూడా పోతుంది. మరికొన్నింటిలో ఎఫెక్టు పేరు కనిపిస్తుంది గానీ పని చేయదు, ఎందుకంటే అవి విడిగా కొని సాఫ్ట్‌వేర్‌కు జోడించుకోవలసిన ప్లగిన్లనే అదనపు ప్రోగ్రాములతో చేసినవి. ఆ మాట ప్రకటనలో ఎక్కడా లేదు. సవ్యంగా పని చేసినవి 11.

విక్రేతకు ఫోన్ చేస్తే మొదట నా కంప్యూటర్‌లోనే లోపమన్నాడు. తర్వాత ప్లగిన్లు ఇస్తానంటూ ఇంకో ఫైలు పంపి, దాన్ని ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయమన్నాడు. నేను ఆ పని చేయలేదు, దయచేసి మీరూ చేయకండి. మన కంప్యూటర్‌లో ఉన్నవి మనవి కావు, పది కుటుంబాల పెళ్లిళ్లు. ఒక్క ఫైలుతో అవన్నీ తాళం పడిపోతే ఏ ఇంటి గడప ఎక్కి ఏమని చెప్పగలం? డబ్బు తిరిగి ఇమ్మన్న రోజు నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించిన విషయం మరొకటి ఉంది. డెమోలో చూపించిన విద్య అతనిది కానే కాదు. అడోబీ ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆల్ట్ కీ నొక్కిపట్టి కొత్త క్లిప్పును పాత దాని మీదకు లాగితే పాత దాని నిడివి, ఎఫెక్టులు అలాగే నిలుస్తాయి. క్లిప్పు మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే 'రీప్లేస్ విత్ క్లిప్' కూడా ఇదే పని చేస్తుంది. మన ప్రాజెక్టులో మనం వేసుకున్న ఎఫెక్టులకైనా ఇది వర్తిస్తుంది. ఎడియస్ అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇందుకు 'రీప్లేస్ పార్ట్స్' ఉంది. మన చేతిలో ఉన్నదాన్నే మనకు అమ్మారు.

అది వాడేటప్పుడు నాకు తగిలిన రెండు చిక్కులు మాత్రం విక్రేత తప్పు కాదు. ముందుగా ఇన్ పాయింట్, అంటే క్లిప్పు ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే గుర్తు, పెట్టకపోతే కొత్త క్లిప్పు దాని మొదటి నుంచే పడుతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం క్లిప్పులో నలభయ్యో సెకనులో ఉంటే, ఎఫెక్టు కింద పురోహితుడు పళ్లెం సర్దుతున్న దృశ్యం వచ్చి కూర్చుంటుంది. క్లిప్పును విడిగా చూసుకునే సోర్స్ మానిటర్‌లో ఆ క్షణం దగ్గర ఇన్ పాయింట్ పెట్టి అక్కడి నుంచి లాగండి. రెండోది కొలత. పాత క్లిప్పు 1920×1080, మనది 3840×2160 అయితే పాత స్కేలు (దృశ్యం పరిమాణ శాతం) అంకె 100 అలాగే మిగిలి, మన దృశ్యంలో నాలుగో వంతే తెరపై కనిపిస్తుంది. మైపాడు తీరంలో తీసిన షాట్‌లో సముద్రం పోయి వరుడి భుజం మిగిలింది. స్కేలు 50కి దించితే సరిపోయింది, అయితే ఎఫెక్టులో జూమ్ ఉంటే దాని ప్రతి కీఫ్రేమ్‌నూ, అంటే స్కేలు మారే చోట పెట్టిన ప్రతి గుర్తునూ, సరిచేయాలి.

ఎవరి దగ్గర కొన్నా సరే, డెమో వీడియో చూసి డబ్బు పంపకండి. ఒక్క ప్రాజెక్టు ఫైలు ముందుగా ఇమ్మని అడగండి. మీ కంప్యూటర్‌లో తెరిచి, మీ క్లిప్పు మీరే వేసి చూడండి. ఏ వెర్షన్‌లో చేశారో అడగండి, కొత్త ప్రీమియర్‌లో సేవ్ చేసినది పాత దానిలో తెరుచుకోదు. ఏయే ప్లగిన్లు కావాలో రాతపూర్వకంగా తీసుకోండి. నిజాయతీగా అమ్మేవారు వీటికి విసుక్కోరు. నెల్లూరులో నాకు తెలిసిన ఒక ఎడిటర్ అడగకముందే నమూనా పంపిస్తారు.

ఇప్పటికే మోసపోయినవారు చెల్లింపు రసీదు, ప్రకటన, సంభాషణల స్క్రీన్‌షాట్లు చెరిపివేయవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, సైబర్ మోసమనిపిస్తే 1930కు. "మీది వ్యాపారం, మీరు వినియోగదారు కారు" అని ఆ విక్రేత నన్ను బెదిరించాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అలా అనడం లేదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువును వాణిజ్య అవసరంగా లెక్కించరాదని అందులోనే ఉంది.

నేను 1915లో ఫిర్యాదు నమోదు చేశాను, ఇంకా పరిష్కారం రాలేదు. ఒంగోలు వారి వీడియోను మూడు రాత్రులు కూర్చుని మొదటి నుంచి నేనే కట్టి, అమ్మాయి బయలుదేరే ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్లి అందజేశాను.