మా మ్యూజిక్ పత్రిక డిజైన్ చేసిన డీటీపీ సెంటర్ గురించి

కాలేజీ పిల్లల కోసం 32 పేజీల పాటల పత్రిక వేద్దామని హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్‌కి ఇచ్చాం, పేరు చెప్పను. పని తెలిసినవాళ్లే, రేటు కూడా పర్లేదు. మేం మొదట 30 పేజీలు తీసుకెళ్తే ఆపరేటర్ అన్న నవ్వి, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి తమ్ముడూ అన్నాడు, అలా రెండు పేజీలు పెంచి పాటల సాహిత్యం వేశాం, చివరికి అందరూ చదివింది అవే!

హెడ్డింగులకి రామభద్ర ఫాంట్ పెట్టాడు, లావుగా, పోస్టర్‌లా భలే ఉంది. లోపల మాత్రం ఇంగ్లిష్ పత్రికల్లాగా లైన్లు దగ్గరగా లాగేశాడు, దాంతో పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చున్నాయి, తెలుగుకి ఆ గ్యాప్ ఎక్కువ ఉండాలని రెండుసార్లు చెప్పాక మార్చాడు.

అసలు గొడవ కలర్ దగ్గర. స్క్రీన్ మీద మెరిసిపోయిన గులాబీ రంగు కవర్ మీద వెలిసిపోయిన లంగావోణీలా వచ్చింది. ఆర్జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో చేసిన ఫైల్‌ని ప్రింట్‌కి వెళ్లే ముందు సీఎంవైకేలోకి, అంటే అచ్చు సిరా రంగుల్లోకి మార్చి ఒక ప్రూఫ్ (శాంపిల్ ప్రింట్) చూపించాలి కదా, చూపించలేదు. నడిమి పోస్టర్‌లో పిన్ను సరిగ్గా గాయని ముక్కు మీద పడింది, ముక్కుపుడక అనుకున్నారు కొందరు.

మళ్లీ వెళ్తానా? వెళ్తా, కానీ ప్రూఫ్ చేతికొచ్చేదాకా అడ్వాన్స్ తప్ప పైసా ఇవ్వను.